రైల్వే సీబీటీకి ముందు ఆధార్ వెరిఫికేషన్: పేరు తేడా, బయోమెట్రిక్ లాక్, పడని వేలిముద్ర

విభాగం: పోటీ పరీక్షలు › గుర్తింపు పత్రాలు, హాల్ టికెట్లు

#1 పార్వతీపురం_సాయి

అందరికీ నమస్కారం. రైల్వే ఎన్‌టీపీసీ సీబీటీకి (కంప్యూటర్ మీద రాసే పరీక్షకి) సిటీ ఇంటిమేషన్, అంటే ఏ ఊళ్లో పరీక్షో చెప్పే సమాచారం వచ్చింది, సెంటర్ విశాఖ. కాల్ లెటర్ ఇంకా రాలేదు. మూడు అనుమానాలు ఉన్నాయి.

పదో తరగతి మెమోలో నా పేరు కొత్తపల్లి సాయి కిరణ్. ఇంగ్లిష్‌లో మూడు మాటలూ విడివిడిగా ఉంటాయి. ఆధార్‌లో సాయికిరణ్ కలిసిపోయి ఒకే మాటగా ఉంది. అప్లికేషన్ మెమో ప్రకారమే నింపాను.

ఏఈపీఎస్ (ఆధార్, వేలిముద్రలతో బ్యాంకు డబ్బు తీసే పద్ధతి) మోసాల గురించి విని బయోమెట్రిక్స్ లాక్ చేసి పెట్టాను. నోటీసులో చూస్తే ఆధార్ అన్‌లాక్ అయి ఉండాలంటున్నారు.

ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేస్తే సంతకం దగ్గర పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తోంది.

వీటిలో గేటు దగ్గర ఆపేది ఏది? ఇప్పుడు ఆధార్‌లో పేరు మార్పించుకోమంటారా?

#2 గుర్తింపు_మాస్టారు

సాయి గారూ, వెరిఫికేషన్ అని అందరం ఒకే మాట వాడేస్తాం గానీ లోపల నాలుగు వేరువేరు పోలికలు జరుగుతాయి. ఏది తేడా కొట్టిందో తెలియకుండా మందు వేస్తే ఉన్నది కూడా పాడవుతుంది.

మొదటిది అప్లికేషన్ వివరాలకూ ఆధార్ వివరాలకూ మధ్య. పేరు, పుట్టిన తేదీ, ఇవన్నీ అక్షరాల లెక్క. ఇది అప్లికేషన్ వేసేటప్పుడే చాలావరకు తేలిపోతుంది.

రెండోది కాల్ లెటర్‌కీ మీ చేతిలో ఉన్న ఒరిజినల్ కార్డుకీ మధ్య. ఇది మనిషి కంటితో చూసేది.

మూడోది మీ వేలికీ యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) డేటాబేస్‌లో ఉన్న ముద్రకీ మధ్య. ఇక్కడ పేరుతో పనే లేదు. పన్నెండు అంకెలూ, వేలూ, అంతే. పేరులో ఖాళీ లేదని వేలిముద్ర ఫెయిల్ కాదు, పేరు అచ్చుగుద్దినట్టు కలిసినా లాక్ ఉంటే వేలిముద్ర పాస్ కాదు.

నాలుగోది మీ ముఖానికీ అప్లికేషన్‌లో పెట్టిన ఫొటోకీ మధ్య.

మీ మూడు అనుమానాల్లో నిజంగా పరుగెత్తాల్సింది లాక్ గురించి. ప్రశ్నార్థకం ఇంట్లోనే పోతుంది. పేరు సంగతికి ఒక్కటి చెప్పండి: ఆర్‌ఆర్‌బీ (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు) లాగిన్‌లో ఆధార్ వెరిఫై అయినట్టు చూపిస్తోందా, లేదా?

#3 పార్వతీపురం_సాయి

ఇప్పుడే చూశాను మాస్టారూ. వెరిఫై కాలేదనే ఉంది. అప్పుడు వేరే ఐడీతో అప్లై చేసినట్టున్నాను.

#4 గుర్తింపు_మాస్టారు

అయితే ముందు అక్కడే పని. వెరిఫై చేయని అభ్యర్థులు పరీక్షకు ముందే లాగిన్ అయి ఆధార్‌తో వెరిఫై చేసుకోవాలని ఆర్‌ఆర్‌బీలు నోటీసుల్లో చెబుతూనే ఉన్నాయి. లాగిన్ అయి ఓటీపీతో ప్రయత్నించండి. పాసైతే పేరు గొడవ చాలావరకు తీరినట్టే. కాకపోతే తెర మీద వచ్చిన సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ మాటల్లో రాయండి. స్క్రీన్‌షాట్ మాత్రం పెట్టకండి, అందులో మీ నంబర్ ఉంటుంది.

#5 భీమవరం_బుల్లోడు

ఇంత తర్జనభర్జన ఎందుకు మాస్టారూ? సచివాలయంలో ఆధార్ కిట్ ఉంటుంది. 75 రూపాయలు కట్టి పేరు మధ్యలో ఖాళీ పెట్టించుకుంటే సరి. వారంలో వచ్చేస్తుంది.

#6 గుర్తింపు_మాస్టారు

బుల్లోడు గారూ, వారంలో వస్తే మంచిదే. కానీ అప్‌డేట్‌కి యూఐడీఏఐ చెప్పే గడువు 30 రోజుల వరకూ ఉంటుంది. పరీక్ష అంతకన్నా ముందే. ఈలోపు పాత వివరాలే నడుస్తాయి కాబట్టి అప్లై చేసినంత మాత్రాన ఆధార్ ఆగిపోదు, అది నిజమే. నా అభ్యంతరం వేరు.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పుట్టిన తేదీ ఒక్కసారే. హడావిడిలో ఆపరేటర్ ఇంకో అక్షరం తప్పు కొడితే ఉన్న రెండిట్లో ఒకటి ఖర్చయిపోతుంది. ఆపైన గెజిట్, రీజినల్ ఆఫీస్, ఆ తిరుగుడు వేరే.

ఇంకొకటి. అప్లికేషన్ టైంలో ఆధార్‌తో వెరిఫై అయిపోయిన వాళ్లు మధ్యలో పేరు మార్చుకుంటే, కాల్ లెటర్‌లో ఒక పేరు, కొత్త కార్డులో ఇంకో పేరు అవుతాయి. లేని సమస్య తెచ్చుకున్నట్టు. అలాంటివాళ్లు నియామకం అయ్యేదాకా ముట్టుకోకపోవడమే నయం.

సాయి గారిది వెరిఫై కాని కేసు గనక ముందు లాగిన్‌లో ప్రయత్నం, అది కాకపోతేనే అప్‌డేట్.

#7 భీమవరం_బుల్లోడు

వెరిఫై అయినవాళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానివాళ్లకి మాత్రం అప్‌డేట్ రిక్వెస్ట్ వేసి ఆ రసీదు చేతిలో పెట్టుకోవడం మంచిదని ఇప్పటికీ అంటాను. సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాటికైనా పనికొస్తుంది. పరీక్ష నోటిఫికేషన్ ఒకటి పోతే ఇంకోటి వస్తుంది, పేరు ఎప్పటికైనా సరిచేసుకోవాల్సిందే.

#8 నల్లగొండ_నాగమణి

పేర్ల సంగతి వచ్చింది గాబట్టి చెప్తున్న. మన పేర్లల్ల తేడాలు ఎక్కడ వస్తయో ఒక్కసారి కాగితం మీద పెట్టి చూసుకోన్రి.

ఇంటిపేరు: మెమోల పూర్తిగ ఉంటది, ఆధార్‌ల ఒక్క అక్షరం ఉంటది. ఇది పెద్ద తేడా కింద లెక్క.

వరుస: మెమోల ఇంటిపేరు ముందు, పాన్‌ల చివర. మనిషి చూసేకాడ నడుస్తది, ఫారంల ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని డబ్బాలు ఉన్నకాడ మాత్రం తారుమారు అయితది.

స్పెల్లింగ్: లక్ష్మిల ఒకచోట కె, ఎస్, హెచ్, ఇంకోచోట ఎక్స్. త కు ఒకచోట టి, ఇంకోచోట టి పక్కన హెచ్. రెడ్డి, గౌడ్, కుమార్ ఒకదాంట్ల ఉంటది, ఒకదాంట్ల ఉండదు. తెలుగు అక్షరాలల్ల సక్కగనే ఉంది గదా అని ఆగొద్దు, పోల్చేది ఇంగ్లిష్ అక్షరాలనే.

పుట్టిన తేదీ: పాత ఆధార్ కార్డుల మీద కొందరికి సంవత్సరం ఒక్కటే ఉంటది. దానితోని ఎస్ఎస్సీ పరీక్షలకు పోతే తిప్పలే. స్టాఫ్ సెలెక్షన్ వాళ్లు ఐడీ మీద పూర్తి తేదీ లేకుంటే, తేదీ ఉన్న ఇంకో ఒరిజినల్, అంటే పది మెమోనో బర్త్ సర్టిఫికెటో కూడా తెమ్మంటరు. కాల్ లెటర్ తేదీ, ఐడీ తేదీ కలవకుంటే లోపలికి రానియ్యరు.

పది మెమోలనే తప్పు ఉంటే ఆధార్‌ను దాని తీరుగ మార్చుకోవద్దు. చదివిన బడి హెడ్‌మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి పెట్టుకొని మెమో సరిచేపిచ్చుకోవాలె, ఆ తర్వాతనే ఆధార్.

#9 పార్వతీపురం_సాయి

చాలా ఉపయోగం నాగమణి అక్కా. లాగిన్‌లో వెరిఫికేషన్ సాయంత్రం ప్రయత్నిస్తాను, సర్వర్ బిజీ అంటోంది. ఈలోపు లాక్ తీసే పద్ధతి ఎవరైనా చెప్పండి. ఎంఆధార్ యాప్‌లో తీశాను, మళ్లీ చూస్తే లాక్ అయ్యే ఉంది!

#10 లాక్_అన్‌లాక్_రమేష్

సాయి బ్రో, నువ్వు నొక్కింది టెంపరరీ అన్‌లాక్. అది పది నిమిషాలే ఉంటుంది, తర్వాత తనంతట తనే లాక్ పడిపోతుంది. రేషన్ షాపులో వేలు పెట్టడానికి అది చాలు. పరీక్ష సెంటర్‌లో లైన్‌లో నిలబడే టైం నీ చేతిలో ఉండదు, ఫోన్ లోపలికి రానివ్వరు. గేటు బయట అన్‌లాక్ చేసుకుని వెళ్తే వేలు పెట్టే వేళకి మళ్లీ లాక్ అయిపోయి ఉంటుంది.

కావాల్సింది లాకింగ్ ఫీచర్‌నే డిసేబుల్ చేయడం. మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబర్, క్యాప్చా, ఓటీపీతో లాగిన్ అవ్వు. లాక్ అన్‌లాక్ బయోమెట్రిక్స్ అనే డబ్బా ఉంటుంది. అందులో రెండు దారులు కనిపిస్తాయి: తాత్కాలికంగా తెరవడం ఒకటి, లాక్ సదుపాయాన్నే తీసేయడం ఒకటి. రెండోది ఎంచుకో. అయ్యాక లాగౌట్ అయి, పావుగంట ఆగి మళ్లీ లాగిన్ అయి చూడు. అప్పటికీ తాళం తెరిచినట్టే ఉంటే పని అయినట్టు.

పరీక్ష అయి బయటికొచ్చాక మళ్లీ లాక్ వేసుకో. అది మంచి అలవాటే, మానెయ్యమని ఎవరూ అనరు.

#11 కర్నూలు_కరీం

రమేష్ అన్నా, నాది ఇంకో రకం. బయోమెట్రిక్ కాదు, ఆధార్ నంబరే లాక్ చేసినా. దాన్ని తీయాలంటే వీఐడీ అడుగుతుండాది. వీఐడీ యాడుందో గుర్తులేదు.

#12 లాక్_అన్‌లాక్_రమేష్

కరీం భాయ్, అవి రెండూ వేరువేరు తాళాలు. బయోమెట్రిక్ లాక్ పడితే వేలు, కనుపాప, ముఖం పనిచేయవు. నంబర్ లాక్ పడితే పన్నెండు అంకెల నంబర్‌తో ఏ రకం అథెంటికేషన్ కూడా జరగదు, వీఐడీతోనే, అంటే ఆధార్ నంబర్‌కి బదులు వాడే పదహారు అంకెల నంబర్‌తోనే జరుగుతుంది. పరీక్ష సెంటర్‌లో పన్నెండంకెలతోనే పని, కాబట్టి ఇదీ తీయాల్సిందే.

వీఐడీ కోసం ఆధార్‌కి లింకైన ఫోన్ నుంచి 1947కి ఎస్ఎంఎస్ పంపు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఆర్, వి, ఐ, డి అని కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, ఆధార్ చివరి నాలుగు అంకెలు. తిరుగు ఎస్ఎంఎస్‌లో వీఐడీ వస్తుంది. దాంతో పోర్టల్‌లో అన్‌లాక్ ఆధార్ చేసుకో.

#13 మెదక్_మధు

లింకైన సిమ్ పోయినోళ్ల సంగతేంది? ఓటీపీ రాకుంటే ఇవేవీ కావు గదా.

#14 ఆధార్_కిట్_అప్పారావు

మధు గారూ, ముందు అదే నంబర్ మీద సిమ్ తిరిగి తీసుకోవడానికి కంపెనీ స్టోర్‌లో అడగండి. మీ పేరు మీదే ఉండి, వేరొకరికి ఇచ్చేయకపోతే అదే తొందరగా అయ్యే దారి. కాకపోతే ఆధార్ కేంద్రంలో మొబైల్ నంబర్ మార్పు పెట్టాలి. దీనికి కాగితాలేమీ అక్కర్లేదు, మీరు వెళ్లి వేలో కన్నో పెడితే చాలు. ఫీజు 75.

వేలిముద్రలు కూడా అప్‌డేట్ చేసుకోవాల్సిన వాళ్లయితే రెండూ ఒకే రిక్వెస్ట్‌లో పెట్టించండి. బయోమెట్రిక్ అప్‌డేట్ 125, దాంతో పాటు చేసే నంబర్, పేరు లాంటి మార్పులకి వేరే డబ్బు లేదు. ఈ రేట్లు 2025 అక్టోబర్ 1 నుంచి. రసీదు మీద ఎంత ఉందో అంతే ఇవ్వండి. "పరీక్ష అర్జెంటు" అని మీరు నోరు జారితే రేటు పెరిగే చోట్లు ఉన్నాయి. అర్జెంట్ ఫీజు అనేది యూఐడీఏఐలో లేదు, ఎవరికి ఎంతిచ్చినా ఫైలు ముందుకు జరగదు.

రసీదు మీద ఈఐడీ (ఎన్‌రోల్‌మెంట్ నంబర్), తేదీ, టైం ఉంటాయి. స్టేటస్ వాటితోనే చూసుకోవాలి, పారేసుకోకండి.

#15 ఒంగోలు_ఉష

మాది ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల పరీక్ష) గోల. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారింది, కాల్ లెటర్‌లో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఏం చేయాలో చెప్పండి.

#16 నల్లగొండ_నాగమణి

ఉషా, ఐబీపీఎస్ కాల్ లెటర్ వెనుక సూచనలల్ల దీని గురించి ప్రత్యేకంగ రాసి ఉంటది, సదువు. పెళ్లయినంక పేరు మారినోళ్లు గెజిట్ నోటిఫికేషన్ గానీ, మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, అఫిడవిట్ గానీ ఒరిజినల్ చూపెట్టాలె. జిరాక్స్‌తోని కాదు, ఒరిజినలే.

ఇంకో దారి కూడా ఉన్నది. పాన్, ఓటర్ ఐడీ, పాస్‌పోర్ట్, పర్మనెంట్ డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న బ్యాంక్ పాస్‌బుక్, వీటిల్ల ఒక్కటన్న ఇంక పుట్టింటి పేరుతోనే ఉంటే అదే పట్టుకపో. ఐబీపీఎస్‌కు ఆధార్ ఒక్కటే అన్న రూలు లేదు. రేషన్ కార్డు, లర్నర్ లైసెన్స్ మాత్రం నడవయ్. ఐడీ ఒరిజినల్‌తో పాటు దాని జిరాక్స్ ఒకటి కూడ ఉండాలె, ఆ జిరాక్స్ లేక ఉరికేటోళ్లను గేటు కాడ చూడొచ్చు.

#17 పార్వతీపురం_సాయి

రమేష్ అన్నా, డిసేబుల్ చేశాను, అరగంట తర్వాత చూసినా తెరిచే ఉంది. థాంక్స్. లాగిన్ వెరిఫికేషన్ కూడా అయ్యింది, పేరు దగ్గర ఏమీ అనలేదు. ఇక వేలు సంగతి. రేషన్ షాపులో నా కుడి బొటనవేలు ఎప్పుడూ ఒకపట్టాన పడదు. సెంటర్‌లో కూడా అంతేనా?

#18 ఆధార్_కిట్_అప్పారావు

సాయి గారూ, వేలు పడకపోవడానికి కారణాలు కొన్నే. ఒక్కొక్కటే చూసుకోండి.

చర్మం పొడిబారడం మొదటిది. ముద్రలో గీతలు తెగి తెగి వస్తాయి. శానిటైజర్ రాసుకున్న వెంటనే వేలు పెడితే ఇదే జరుగుతుంది. రాత్రి పడుకునేముందు కాస్త కొబ్బరినూనె రాసుకుని, ఉదయం సబ్బుతో కడుక్కుని తుడుచుకుంటే చాలు. సెంటర్‌కి వెళ్లేముందు నూనె, క్రీమ్ వద్దు, గీతల మధ్య సందులు నిండిపోతాయి.

చెమట రెండోది. తడి వేలు పెడితే ముద్ర నల్లటి మచ్చలా వస్తుంది. జేబురుమాలుతో తుడిచి పెట్టండి.

మైదాకు, ఇంకు, పెయింట్ మూడోది. పరీక్ష నెలలో పెళ్లిళ్లున్నా చేతివేళ్ల కొసలు వదిలేయమనండి.

అరుగుదల నాలుగోది. సిమెంట్ పని, పొగాకు పని, ఎక్కువగా అంట్లు తోమే చేతుల్లో గీతలు సన్నబడతాయి. వీళ్లకి పది వేళ్లలో ఒకటి రెండైనా బాగుంటాయి, ఆ వేలేదో ముందే తెలుసుకోవాలి.

పెట్టే తీరు ఐదోది, సగం కేసులు ఇవే. చాలామంది వేలి కొనతో పొడుస్తారు. గోరు పైకి చూసేలా, వేలి మెత్త మొత్తం గాజుకి ఆనేలా పరిచి, మధ్యస్థంగా నొక్కి, దీపం ఆరేదాకా కదలకుండా ఉంచాలి. మరీ నొక్కితే గీతలు అతుక్కుపోతాయి. గాజు మీద ముందువాళ్ల చెమట ఉంటే తుడవమని అడగండి, అందులో తప్పులేదు.

ఇవన్నీ సరిగా ఉన్నా పడకపోతే డేటాబేస్‌లో ఉన్న ముద్రే పాతదని అర్థం. అప్పుడు బయోమెట్రిక్ అప్‌డేట్ తప్ప దారి లేదు.

#19 లాక్_అన్‌లాక్_రమేష్

అప్పారావు గారు చెప్పినదానికి ఒక చేర్పు. సెంటర్‌కి వెళ్లేముందే పరీక్షించుకోవచ్చు. బ్యాంక్ మిత్ర (ఊళ్లో బ్యాంకు పనులు చేసే ఏజెంట్) దగ్గర ఏఈపీఎస్‌లో బ్యాలెన్స్ ఎంక్వైరీ పెట్టించు, డబ్బు తీయక్కర్లేదు. ఒక్కో వేలుతో ఒక్కోసారి. తర్వాత మైఆధార్‌లో అథెంటికేషన్ హిస్టరీ తెరువు. గత ఆరు నెలల్లో నీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో, వేలా ఓటీపీయా, పాసా ఫెయిలా, ఫెయిలైతే ఏ కోడ్, అన్నీ ఉంటాయి.

కోడ్ 300 అంటే ముద్ర కలవలేదు, వేలు మార్చి చూడాలి. 330 అంటే బయోమెట్రిక్ లాక్. 811 అంటే ఆ ఆధార్‌కి డేటాబేస్‌లో బయోమెట్రిక్‌లే లేవు, చిన్నప్పుడు తీసిన ఆధార్‌ల్లో వస్తుంది. 997 అంటే ఆధార్ యాక్టివ్‌గా లేదు, అది పెద్ద విషయం, వెంటనే 1947కి ఫోన్ చేయాలి. 998 అంటే నంబరే తప్పు కొట్టారు. సెంటర్‌లో ఆపరేటర్ "రావట్లేదు" అని ఊరుకుంటే తెర మీద ఏ కోడ్ ఉందో చూపించమను. 998 వచ్చినప్పుడు వేలు ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

#20 హనుమకొండ_అమ్మ

మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, జేఈఈ మెయిన్ రాస్తాడు. ఆధార్ ఐదేళ్లప్పుడు తీయించినం, మళ్లీ ఏమీ మార్పించలేదు. ఫొటోలో పాల బుగ్గలతో ఉన్నడు. ఏమన్న ఇబ్బంది అవుతుందా?

#21 ఆధార్_కిట్_అప్పారావు

అమ్మా, వెంటనే తీసుకెళ్లండి. పిల్లలకి 5 దాటాక ఒకసారి, 15 దాటాక ఒకసారి బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. 15 నుంచి 17 మధ్య మొదటిసారి చేయిస్తే ఉచితం. 17 నిండితే 125 రూపాయలు. ఐదేళ్లప్పటి వేలిముద్రలు ఇప్పటి చేతికి కలుస్తాయని నమ్మకం పెట్టుకోలేం.

అక్కడే కొత్త ఫొటో కూడా తీస్తారు, ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఫొటో పనికిరాదు. బాబు పేరు, పుట్టిన తేదీ పది మెమోతో పోల్చి చూడండి, తేడా ఉంటే మెమో ఒరిజినల్ పట్టుకెళ్లి ఒకేసారి మార్పించండి. 2026 జేఈఈ మెయిన్‌కి ముందు ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ కూడా అభ్యర్థులకి ఇదే చెప్పింది: పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం, ఫొటో తాజాది.

మీ సేవలోనో పోస్టాఫీసులోనో కిట్ పనిచేస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి. హైదరాబాద్ వచ్చే పని ఉంటే మాదాపూర్ ఆధార్ సేవా కేంద్రానికి ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకోవచ్చు.

#22 హనుమకొండ_అమ్మ

సంతోషం అన్నా. రేపే తీసుకపోతం.

#23 పార్వతీపురం_సాయి

మూడోది మిగిలింది, పసుపు ప్రశ్నార్థకం. పైగా పాస్‌వర్డ్ కూడా ఒకసారి పడింది, ఒకసారి పడలేదు.

#24 గుర్తింపు_మాస్టారు

పాస్‌వర్డ్ ముందు. ఆధార్‌లో ఉన్న పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, పక్కనే పుట్టిన సంవత్సరం. పేరు పి. కుమార్, పుట్టింది 1989 అనుకోండి. పి, చుక్క, కె, యు, తర్వాత 1989. చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క, ఖాళీని వదిలేయాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్న మనవాళ్లందరూ తడబడేది ఈ చుక్క దగ్గరే. పేరే మూడక్షరాలైతే ఆ మూడూ, సంవత్సరం.

ప్రశ్నార్థకం అంటే కార్డు నకిలీ అని కాదు. సంతకాన్ని మీ కంప్యూటర్ ఇంకా నమ్మలేదని అర్థం. ఫోన్‌లో, బ్రౌజర్‌లో ఇది మారదు. కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరవండి. ప్రశ్నార్థకం మీద రైట్ క్లిక్ చేసి వాలిడేట్ సిగ్నేచర్ నొక్కండి. వచ్చిన కిటికీలో సిగ్నేచర్ ప్రాపర్టీస్, అందులో షో సైనర్స్ సర్టిఫికెట్, అందులో ట్రస్ట్ ట్యాబ్. యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ నొక్కి, ఓకే కొట్టి, మళ్లీ వాలిడేట్ చేయండి. ఆకుపచ్చ టిక్ వస్తుంది. ఆ తర్వాత ప్రింట్ తీయండి. ఇంటర్నెట్ ఆన్‌లో ఉండాలి.

ఆర్‌ఆర్‌బీ నోటీసులో ఒరిజినల్ ఆధార్ లేదా ఈ-వెరిఫైడ్ ఆధార్ ప్రింట్ అని ఉంటుంది. పోస్టులో వచ్చిన పాత కార్డు ఉంటే ఈ ప్రింట్ గొడవే లేదు, అదే పట్టుకెళ్లండి. మాస్క్‌డ్ ఆధార్ మాత్రం వద్దు, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. డిజిలాకర్‌లో కనిపించేదీ అలాంటిదే. ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయిస్తే వాళ్ల కంప్యూటర్‌లో ఫైల్ తీసేయించి రండి.

#25 భీమవరం_బుల్లోడు

ఫొటో గురించి ఎవరూ మాట్లాడలేదు. అప్లికేషన్‌లో గడ్డం లేకుండా ఉండి, పరీక్షకి గుబురు గడ్డంతో వెళ్తే ఆపరేటర్ పది సార్లు చూస్తాడు. కళ్లజోడు కూడా అంతే. దీక్షలో ఉన్నవాళ్లకైతే గడ్డం తీయమనలేం, కాస్త ముందు వెళ్లడమే ఉపాయం.

#26 ఆధార్_కిట్_అప్పారావు

గడ్డం పెద్ద ఇబ్బంది కాదు బుల్లోడు గారూ, ముఖం గుర్తుపట్టేలా ఉంటే చాలు. ఐరిస్ (కనుపాప) తీసే పరీక్షల్లో కళ్లజోడు, కాంటాక్ట్ లెన్స్ తీసేయాలి. ఐబీపీఎస్ వాళ్లు ఐరిస్ తీస్తారు. లెన్స్ వాడేవాళ్లు ఆ రోజు డబ్బా వెంట పెట్టుకోండి, లేదా కళ్లజోడుతోనే వెళ్లండి. బొటనవేలికి దెబ్బ తగిలి కట్టు ఉంటే లైన్‌లో నిలబడ్డప్పుడే చెప్పాలి, వేరే వేలు తీసుకుంటారు. కట్టు విప్పి రక్తం కారుతున్న వేలు పెట్టక్కర్లేదు.

#27 కర్నూలు_కరీం

వీఐడీ వచ్చింది, నంబర్ లాక్ పోయింది. రమేష్ అన్నకి దండాలు. ఇంకొకటి అడుగుతా, సెంటర్‌లో అన్ని వేళ్లూ పెట్టినా పడకుంటే ఏం చెయ్యల్ల?

#28 గుర్తింపు_మాస్టారు

గొడవ పడొద్దు, వెనక్కీ రావొద్దు. ముందు ఎర్రర్ కోడ్ అడగండి. 300 అయితే మిగతా వేళ్లు, అవీ కాకపోతే ఆ సెంటర్‌లో ఐరిస్ గానీ ముఖంతో గానీ చేసే వీలుందేమో అడగండి. ఆపరేటర్ స్థాయిలో తేలకపోతే సెంటర్ ఇన్‌ఛార్జ్ దగ్గరికి పంపమనండి. నిర్ణయం ఆయనది, ఆపరేటర్‌ది కాదు. రాతపూర్వకంగా ఏమైనా అడిగితే చదివి సంతకం చేయండి. ఈ పని అంతటికీ టైం కావాలి గనక రిపోర్టింగ్ టైంకే గేటు దగ్గర ఉండండి. గేటు మూసే టైం కాల్ లెటర్ మీద వేరుగా ఉంటుంది, ఆ టైం చూసుకుని బయలుదేరేవాళ్లకి ఇన్‌ఛార్జ్ దాకా వెళ్లే వ్యవధి దొరకదు.

రైల్వే వాళ్లకి ఇంకో మాట. కాల్ లెటర్ మీద సెల్ఫ్ డిక్లరేషన్ పేరా రాయడానికి ఖాళీ ఉంటుంది. దాన్నీ, సంతకాన్నీ, వేలిముద్రనీ ఇంట్లో నింపేయకండి. పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ ముందు, కలిపి రాతలో రాయాలి, పెద్ద అక్షరాల్లో కాదు. చేతిరాత తర్వాతి దశల్లో పోల్చి చూస్తారు.

#29 పార్వతీపురం_సాయి

బ్యాంక్ మిత్ర దగ్గర చూసుకున్నాను. కుడి బొటనవేలు 300, ఎడమ బొటనవేలు కూడా 300, కుడి చూపుడువేలు పాస్. హిస్టరీలోనూ అలాగే వచ్చింది. సెంటర్‌లో ఫలానా వేలే పెట్టాలని అంటారా?

#30 ఆధార్_కిట్_అప్పారావు

ఆధార్ అథెంటికేషన్‌కి పది వేళ్లలో ఏదైనా సరిపోతుంది. "సార్, చూపుడువేలు పెడతాను" అని ముందే చెప్పండి, బొటనవేలితో మొదలుపెట్టి ఫెయిల్ చేయించుకోకండి. కాల్ లెటర్ మీద ఇంకు ముద్ర అడిగితే మాత్రం అక్కడ రాసి ఉన్న బొటనవేలే వేయాలి, ఆ రెండూ వేరు. వీలైతే మిషన్ పని అయ్యాకే ఇంకు ముట్టుకోండి. ముందే ఇంకు వేయించారంటే చూపుడువేలికి అంటకుండా చూసుకుని, చేయి కడిగి, తుడిచి పెట్టండి.